పెళ్లి క్యాసెట్లలో బస్సులు: విజయనగరం నుంచి పలాస దాకా

ఉత్తరాంధ్ర రోడ్ల మీద 1980, 90ల్లో తిరిగిన బస్సులు, లారీలు కదులుతుండగా చూడాలంటే పెళ్లి క్యాసెట్లు వెతకాలి. వార్తల కోసం తీసినవీ, ప్రభుత్వం తీయించినవీ ఈ వైపు దొరికేది చాలా తక్కువ. మగపెళ్లివారి బస్సు వచ్చి ఆగడం, లారీలోంచి సారె సామాను దింపడం, ఊరేగింపు వెనకాల దారి కోసం హారన్ కొడుతున్న ఆర్టీసీ బస్సు, ఇవన్నీ పెళ్లి వీడియోలోనే పడ్డాయి. తీసినాయన పెళ్లికూతురి కోసం తీశాడు. బండి దానంతటది ఫ్రేములోకి వచ్చింది. ఆ టేపులిప్పుడు అటకల మీదా, మూతపడిన స్టూడియోల అరల్లోనూ బూజు పడుతున్నాయి.

విజయనగరం నుంచి పలాస దాకా ఆరు రోజుల ఈ ప్రయాణంలో పనులు రెండు. దారిలో ఇప్పుడు తిరుగుతున్న బళ్లను తీయడం, దొరికిన పాత టేపుల్ని కాపీ చేయడం. రెండింటికీ తొందర ఉంది. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి చెల్లదు, ఆర్టీసీ బస్సులకూ అదే నియమం. 2025 అక్టోబర్ 1 తర్వాత తయారయ్యే పెద్ద లారీలన్నిటికీ ఏసీ క్యాబిన్ తప్పనిసరి. అంటే చెక్కతో క్యాబిన్ కట్టే పని మన కళ్ల ముందే ముగిసిపోతోంది.

సోమవారం: విజయనగరం

ఆర్టీసీ కాంప్లెక్స్ (బస్టాండు) లోపల ట్రైపాడ్ వేయాలంటే డిపో మేనేజర్‌ గారికి ముందుగా కాగితం పెట్టుకోవాలి. ఏ రోజు, ఏ వేళ, ఎంతమంది, దేనికోసం అన్న నాలుగు ముక్కలు రాస్తే చాలు. బయట రోడ్డు మీద కాగితం అక్కర్లేదు గానీ డ్రైవర్ గారికి చెయ్యెత్తి చెప్పి తీయడం మర్యాద. చెప్పి తీస్తే బండి కాస్త నిదానంగా తిప్పుతారు కూడా.

మంచి వెలుగు ఉదయం ఆరున్నర నుంచి తొమ్మిది దాకా, మళ్లీ సాయంత్రం నాలుగు దాటాక. నడినెత్తిన ఎండ ఉంటే అద్దం తెల్లగా పేలిపోతుంది, బోర్డు మీద ఊరి పేరు నీడలో పడుతుంది. సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50. ఎల్‌ఈడీ బోర్డున్న బస్సుకి షట్టర్ 1/50 దాటించకూడదు. ఆ దీపాలు కంటికి తెలియకుండా వెలుగుతూ ఆరుతూ ఉంటాయి. షట్టర్ వేగం పెంచితే బోర్డులో సగం అక్షరాలు మాయమవుతాయి, 'సాలూరు' కాస్తా 'సా..రు' అవుతుంది. అయితే పగటి ఎండలో ఐఎస్ఓ 100, షట్టర్ 1/50 పెడితే లెన్సు ఎఫ్/22 దాకా మూయాల్సి వస్తుంది, బొమ్మ మెత్తబడిపోతుంది. ఎన్‌డీ 16 ఫిల్టర్ (వెలుగు తగ్గించే నల్లద్దం) తగిలిస్తే ఎఫ్/5.6కి రావచ్చు, ఎన్‌డీ 32తో ఎఫ్/4కి. ఫోకస్ చేత్తోనే పెట్టాలి. ఆటో ఫోకస్ మీద వదిలేస్తే ఎదురుగా లేచిన దుమ్మును పట్టుకుని ఊగిసలాడుతుంది.

బండి ఫ్రేములోకి రావడానికి పది సెకన్ల ముందే రికార్డింగ్ మొదలుపెట్టాలి, వెళ్లిపోయాక ఇంకో పది సెకన్లు ఆపకూడదు. జూమ్ వద్దు. ముప్పై ఏళ్ల తర్వాత చూసేవాళ్లకి బస్సుతో పాటు వెనక కొట్టు బోర్డు, పక్కన నిలబడ్డ మనిషి చేతిలోని సంచి కూడా కావాలి. ఫోన్‌తో తీసేటట్టయితే ఫ్రేమ్ రేటు స్థిరంగా ఉండేలా యాప్‌లో కట్టెయ్యాలి. లేకపోతే ఎడిటింగ్‌లోకి వచ్చేసరికి బొమ్మ ఒక దారి, శబ్దం ఒక దారి అవుతాయి. 100 ఎంబీపీఎస్ వేగంతో 4కే తీస్తే గంటకు 45 జీబీ. కార్డులు ఆ లెక్కన సర్దుకోవాలి.

శబ్దం విషయంలో రాజీ పడకూడదు. మైకుకి బొచ్చు తొడుగు వేసి, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో, ఇంజిన్ రొద మైనస్ 20 డెసిబెల్స్ దగ్గర ఉండేలా పెట్టుకోవాలి. హారన్ ఒక్కసారిగా మీదకొస్తుంది, దానికి ఆ ఖాళీ అంతా కావాలి. బండి ఆగి ఉండగా ఇంజిన్ ఆడుతున్న శబ్దం కనీసం రెండు నిమిషాలు, మొదటి గేరులోంచి మూడో గేరు దాకా ఎక్కడం, ఎయిర్ బ్రేకు బుస్సుమనడం, తలుపు మూసి కండక్టర్ 'రైట్' అనడం విడివిడిగా ఉండాలి. వీటి మీద పాటలు పేర్చేస్తే ఆ వీడియో రేపు ఎవరికీ పనికిరాదు.

ప్రతి షాటుకీ నోటు పుస్తకంలో ఒక వరుస రాయాలి: తేదీ, వేళ, నిలబడిన చోటు, చూస్తున్న దిక్కు, బండి నంబరు, డిపో, సర్వీసు, బోర్డు మీద రాసిన రెండు ఊళ్లు. నంబరు ప్లేటు బొమ్మ వయసు చెప్పేస్తుంది. 1989లో కొత్త పద్ధతి రాకముందు మూడు అక్షరాలు, నాలుగంకెలు ఉండేవి. ఆ తర్వాత శ్రీకాకుళానికి ఏపీ 30, విజయనగరానికి ఏపీ 35 వచ్చాయి. 2019లో రాష్ట్రమంతటికీ ఒకటే ఏపీ 39 వచ్చింది. విజయనగరం జిల్లా పుట్టిందే 1979 జూన్ 1న కాబట్టి ఏదైనా గోడ మీద జిల్లా పేరు అలా కనిపిస్తే బొమ్మ అంతకు ముందుది కాదు.

మధ్యాహ్నం గంటస్తంభం, మూడు లాంతర్లు, కోట దగ్గర ఖాళీ షాట్లు తీశాం. బండి లేకపోయినా ఇవి తీయాలి. ఊరు పేరు లేని పాత టేపు ఒకటి చేతికొచ్చినప్పుడు ఆ మలుపునీ ఆ మేడనీ పోల్చుకోవడానికి ఈ షాట్లే ఆధారం. పైడితల్లి అమ్మవారి సిరిమాను కనిపించే టేపులు మరీ విలువైనవి. సిరిమానోత్సవం విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం జరుగుతుంది కాబట్టి ఏడాది తేలితే తేదీ కూడా తేలినట్టే. ఏడాదిని గోడ మీది సినిమా పోస్టర్ చెబుతుంది.

మంగళవారం: గజపతినగరం, రామభద్రపురం, సాలూరు

26వ నంబరు జాతీయ రహదారి. పాత డ్రైవర్లకి ఇది ఇప్పటికీ 43వ నంబరు రోడ్డే. సాలూరు వేగావతి ఒడ్డున ఉన్న ఊరు, లారీల మీద బతికిన ఊరు. ఇంట్లో ఒకరు డ్రైవరో క్లీనరో ఓనరో అయిన కుటుంబాలు వీధివీధికీ ఉంటాయి. బాడీలు కట్టేవాళ్లు, కమాన్ పట్టీలు మార్చేవాళ్లు, పెయింటర్లు, సీట్లు కుట్టేవాళ్లు ఒకరి పక్కన ఒకరు. బాడీ కట్టడం మొదటి నుంచి చివరి దాకా వరుసగా తీసి పెట్టుకోవలసిన చోటు ఈ జిల్లాల్లో ఇదే.

చాసిస్ (బాడీ లేని ఇనుప చట్రం) వచ్చి నిలబడ్డ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. ముందు చాసిస్ పట్టా మీద పొడుగు దూలాలు పరుస్తారు, ఇనుముకీ కర్రకీ మధ్య ప్యాకింగ్ వేస్తారు. వాటి మీద అడ్డదూలాలు వేసి యూ బోల్టులతో బిగిస్తారు. చాసిస్ పట్టా పై అంచుకీ కింది అంచుకీ రంధ్రం వేయకూడదు. బరువంతా లాగేది అక్కడే, చిన్న బెజ్జం చాలు, అక్కణ్నుంచి పగులు పాకుతుంది. అందుకే యూ బోల్టు. కెమెరా ఈ బిగింపును దగ్గరగా పట్టుకోవాలి, ఎందుకంటే బాడీ పూర్తయ్యాక అది ఎవరికీ కనబడదు. ఆ తర్వాత అడుగు పలకలు, పక్క తలుపులు, కొక్కేలు, తాళ్ల రింగులు, చివరగా పెయింటింగ్.

ఒక్కో దశకి దూరం నుంచి ముప్పై సెకన్ల షాటు, చేతుల మీద దగ్గరగా పది సెకన్లు, పనిముట్టు మీద ఇంకో పది. బాడిస దెబ్బకీ, ఉలి దెబ్బకీ, చిత్రిక లాగడానికీ శబ్దం తేడాగా ఉంటుంది, మైకు దగ్గర పెట్టాలి. మేస్త్రీ గారి చేత కొలతలు ఆయన నోటితోనే చెప్పించుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. అడుగులు, అంగుళాలు, సూతాల్లో (సూతం అంటే అంగుళంలో ఎనిమిదో వంతు) చెబుతారు. వాటిని మిల్లీమీటర్లలోకి మార్చి రాసుకోకూడదు, ఉన్నదున్నట్టు రాయాలి.

పెయింటింగ్ తీసేటప్పుడు మొదటి ఫ్రేములో రంగుల కార్డు ఒకటి పట్టుకుని తీయాలి. రేకు మీద ఎరుపు, నారింజ రంగులు కెమెరాకి ఒకేలా కనిపిస్తాయి. కార్డు ఉంటే తర్వాత అసలు రంగు పట్టుకోవచ్చు. వెనక తలుపు మీద దేవుడి పేరు, పిల్లల పేర్లు, 'సౌండ్ హారన్', తామరపూలు, నెమళ్లు అన్నీ ఎదురుగా, వంకర లేకుండా, కెమెరా ఎత్తు బొమ్మ మధ్యకు వచ్చేలా నిలబెట్టి తీయాలి. ఈ పెయింటర్ల చేతివాటానికి వేరే రికార్డు లేదు. బండి తుక్కుకి వెళ్లిన రోజున అదీ వెళ్లిపోతుంది.

బుధవారం: ఘాట్, బొబ్బిలి

పాచిపెంట మండలంలో పి.కోనవలస ఘాట్. లోడు బళ్లు ఒడిశా వైపు ఎక్కేటప్పుడు ఇంజిన్ పడే కష్టం మైదానంలో వినిపించదు, అందుకే శబ్దం కోసం ఇక్కడికి రావాలి. మలుపు లోపలి అంచున, గోడ వెనకాల నిలబడాలి. బయటి అంచున అసలు నిలబడకూడదు. బ్రేకు వేడెక్కి పట్టు వదిలిన బండి వెళ్లేది ఆ వైపుకే. దిగేబళ్లు రెండో గేరులో, యాక్సిలరేటర్ మీద కాలు లేకుండా, ఇంజిన్ పట్టు మీదే వస్తుంటాయి. ఆ రొదని ఒక్క బండిదైనా మలుపు నుంచి మలుపు దాకా కట్ లేకుండా తీయాలి.

బొబ్బిలిలో ఆగింది రైలుబస్సు (పట్టాల మీద నడిచే బస్సు) కోసం. సాలూరుకి రైలు 1913లో వచ్చింది. విజయనగరం, పార్వతీపురం లైను మీద బొబ్బిలి దగ్గర చీలిన చిన్న కొమ్మ అది. దాని మీద చాలా ఏళ్లు రైలుబస్సు నడిచింది. బస్సు ప్రేమికులకీ రైలు ప్రేమికులకీ ఇద్దరికీ అది తమదే. ఇక్కడి ఇళ్లలో ఫోన్ కెమెరాలు వచ్చిన తొలి రోజుల వీడియోలు దొరుకుతాయి, 3జీపీ ఫైళ్లు, 176×144 చుక్కల బొమ్మ. చిన్నవని పారేయకూడదు, మార్చకూడదు. ఫోన్‌లోంచి ఫైలును కేబులుతో యథాతథంగా తీసుకోవాలి. వాట్సాప్‌లో పంపించుకుంటే మళ్లీ కుదించేస్తుంది, తీసిన తేదీ కూడా పోతుంది.

గురువారం: రాజాం మీదుగా పాలకొండ

ఎండ తక్కువ, మబ్బు. నంబరు ప్లేట్లు తీయడానికి ఇలాంటి రోజే మంచిది, మెరుపు ఉండదు. పాలకొండ దగ్గర సీతంపేట వైపు వెళ్లే పల్లెవెలుగు బస్సులూ సర్వీసు జీపులూ తీసి ముందుకు కదిలాం.

శుక్రవారం: శ్రీకాకుళం

టేపుల రోజు. ఒక పాత వీడియో స్టూడియోలో మిగిలిన వీహెచ్‌ఎస్ క్యాసెట్లు. అడగాల్సింది ఎడిట్ చేసిన కాపీ కాదు, రా టేపు, అంటే కెమెరాలో ఎక్కిన అసలు టేపు. స్టూడియోలో తయారైన కాపీలో సినిమా పాట పేర్చి, తిరిగే పువ్వులూ గుండెలూ పెట్టి ఉంటారు, అసలు శబ్దం ఉండదు. ఒక్కో కాపీకీ రంగు కారిపోతుంది, అంచులు అలుక్కుపోతాయి. రా టేపు దొరికితే పెళ్లి అయిపోయిన చోట ఆపకుండా చివరి దాకా ఆడించాలి. టేపు మీద టేపు ఎక్కించడం అప్పటి అలవాటు. కొత్త పెళ్లి రెండు గంటలే పడితే మిగతా గంటలో పాత పెళ్లి అలాగే ఉండిపోతుంది. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గరి పాత బళ్లు ఇలాంటి తోకల్లో దొరుకుతాయి.

ముందు క్యాసెట్ కిటికీలోంచి చూడాలి. చుట్ట అంచున తెల్లటి పొడిలా కనిపిస్తే బూజు. దాన్ని మంచి వీసీఆర్‌లో పెట్టామా, లోపల టేపును చదివే డ్రమ్ముకి అంటుకుని తర్వాతి టేపులన్నిటికీ పాకుతుంది. బూజు టేపుల్ని వేరే సంచిలో కట్టి, సిలికా జెల్ పొట్లాలతో కొన్నాళ్లు ఆరబెట్టి, మూతికి ఎన్95 మాస్కు పెట్టుకుని, పాడైనా పర్వాలేదనుకున్న యంత్రంలోనే శుభ్రం చేయాలి. బాగున్న టేపుకి మొదట వెనకనున్న రికార్డు ట్యాబ్ విరిచేయాలి, పొరపాటున కూడా దాని మీద ఏదీ ఎక్కకుండా. తర్వాత ఒకసారి చివరి దాకా ముందుకి, మళ్లీ వెనక్కి తిప్పాలి. ఏళ్ల తరబడి కదలని చుట్టలో ఒక చోట బిగువు, ఒక చోట వదులు ఉంటాయి, ఇలా తిప్పితే సమానమవుతుంది.

ఇది సముద్రం గాలి తగిలే ఊరు. ఏసీ కారులోంచి దించిన వీసీఆర్‌ని వెంటనే ఆన్ చేస్తే డ్రమ్ము మీద పట్టిన తేమకి టేపు అతుక్కుంటుంది. గంటా రెండు గంటలు గది వేడికి రానివ్వాలి. హెడ్లు తుడవడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పీచు రాలని మెత్తటి తోలుముక్క. తోలుముక్కని కదలకుండా పట్టుకుని డ్రమ్మునే చేత్తో నెమ్మదిగా తిప్పాలి. పైకీ కిందికీ రుద్దితే హెడ్డు విరుగుతుంది. చెవిలో పెట్టుకునే దూది పుల్ల వాడకూడదు, దూది హెడ్డుకి తట్టుకుంటుంది. తెగిన టేపుకి సెల్లో టేపు అంటించకూడదు, జిగురు కారి డ్రమ్ముకి పూసుకుంటుంది. స్ప్లైసింగ్ టేపు మాత్రమే, అదీ బొమ్మ ఉన్న వైపు కాకుండా వీపు వైపు.

వీసీఆర్ నుంచి టైమ్ బేస్ కరెక్టర్, అక్కడి నుంచి బొమ్మను కంప్యూటర్‌లోకి ఎక్కించే క్యాప్చర్ కార్డు. ఆ మధ్య యంత్రం లేకపోతే పాత టేపులో లైన్లు ఒకదానికొకటి సరిగ్గా కుదరక, బస్సు నిలువు కడ్డీలు పాములా వంకర్లు పోతాయి, కార్డు ఫ్రేములు వదిలేస్తుంది, చివరికొచ్చేసరికి శబ్దం వెనకబడుతుంది. చవక యూఎస్‌బీ పుల్లలతో వచ్చే చిక్కులన్నీ ఇవే. మన దేశంలో వాడిన పాల్ పద్ధతి అయితే 720×576, సెకనుకు 50 ఫీల్డులు (ఒక్కో ఫ్రేములో సరి లైన్లు ఒక ఫీల్డు, బేసి లైన్లు ఒక ఫీల్డు), 4:2:2 రంగు. కుదించకుండా 8 బిట్‌లో గంటకు దాదాపు 75 జీబీ. ఎఫ్‌ఎఫ్‌వీ1 అన్న పద్ధతిలో ఎంకేవీ ఫైలుగా పెడితే ఒక్క చుక్క కూడా పోకుండా అందులో సగం చోటుకి తగ్గుతుంది. శబ్దం పీసీఎం, అంటే కుదించనిది. అమెరికా నుంచి వచ్చిన చుట్టాలు తీసిన క్యాసెట్ అయితే ఎన్‌టీఎస్‌సీ, 525 లైన్లు, సెకనుకు 29.97 ఫ్రేములు. దానికి తగ్గ వీసీఆర్ ఉండాలి. మినీడీవీ టేపుకి ఈ తంటా లేదు. ఫైర్‌వైర్ తీగతో అందులోని అంకెల్నే నేరుగా దించుకోవాలి, గంటకు 13 జీబీ.

ఫీల్డుల వరుస తప్పు పడిందో లేదో చూడటానికి బస్సు కన్నా మంచి పరీక్ష లేదు. ఫ్రేములో అడ్డంగా వెళ్తున్న బస్సు ముందుకి రెండడుగులు, వెనక్కి ఒకడుగు వేస్తున్నట్టు వణికితే వరుస తలకిందులైనట్టే. మాస్టర్ ఫైలు ఫీల్డులతో అలాగే ఉండాలి, అడుగున ఊగే నాలుగు లైన్లు కూడా కత్తిరించకూడదు. జనానికి చూపించే కాపీకి మాత్రం ఫీల్డులు విడదీసి సెకనుకు 50 ఫ్రేములు చేయాలి. 25 చేస్తే బండి కదలికలో సగం పోతుంది.

కంప్యూటర్ చేత బొమ్మ పెద్దది చేయించే కృత్రిమ మేధ పనిముట్లని నంబరు ప్లేట్ల దగ్గరికి రానీయకూడదు. టేపులో లేని అక్షరాన్ని అది ఊహించి, శుభ్రంగా, నమ్మేలా రాసిపెడుతుంది. చదవలేని ప్లేటు వల్ల నష్టం తక్కువ. అబద్ధపు ప్లేటు మాత్రం రికార్డునంతా పాడుచేస్తుంది.

తేదీ కోసం తెర మూలన పడే అంకెల్ని నమ్మలేం, కెమెరా గడియారం బ్యాటరీ అయిపోతే అది ఏదో ఏడాది చూపిస్తుంది. ఆ ఇంట్లో శుభలేఖ అడగాలి. ముహూర్తం, ఊరు, విడిది చిరునామా అన్నీ అచ్చులో ఉంటాయి. పెళ్లి బస్సు ముందు అరటి పిలకలు, మామిడాకులు కట్టి ప్లేటు కప్పేస్తారు, అందుకని జనం దిగాక బస్సు వెనక్కి తిరిగే షాటు కోసం చూడాలి. కుటుంబం చేత అనుమతి కాగితం రాయించుకోవాలి: బండి కనిపించే ముక్క మాత్రమే బయటికి వెళ్తుంది, పెళ్లి వాళ్లదే. అసలు క్యాసెట్ వాళ్లకే తిరిగిచ్చి, పెళ్లి మొత్తం పెన్‌డ్రైవ్‌లో వేసి ఇవ్వాలి. "మా నాన్నగారి గొంతు మళ్లీ విన్నాం బాబూ" అనే ఇల్లు రేపు ఇంకో నాలుగిళ్ల క్యాసెట్లు తెచ్చిపెడుతుంది.

శనివారం: టెక్కలి, నౌపడ, పలాస

నౌపడలో ఉప్పు లారీలు తీశాం. ఉప్పుకి రేకు తొందరగా తుప్పు పడుతుంది కాబట్టి బాడీ అడుగు భాగాన్ని ప్రత్యేకంగా చూపించాలి. గుణుపూరు వెళ్లే చిన్న రైలు ఇక్కణ్నుంచే బయల్దేరేది, 1900 నాటి పర్లాకిమిడి లైను, పట్టాల మధ్య రెండున్నర అడుగులు. 2004లో ఆపి బ్రాడ్ గేజ్ చేశారు. ఆ స్టేషన్ బయట ఆగిన బస్సులు కనిపించే టేపులు ఈ చుట్టుపక్కల ఊళ్లలో వెతకదగ్గవి.

ఇటు వైపు ఇళ్లలో 8 ఎంఎం ఫిల్ము రీళ్లూ ఉండొచ్చు. ఖరగ్‌పూర్, కలకత్తా, మద్రాసు వెళ్లి ఉద్యోగాలు చేసిన కుటుంబాలు ఎక్కువ. రీల్లో మద్రాసు ట్రాము కనిపిస్తే అది 1953 లోపుదే, ఆ ఏడుతో అక్కడ ట్రాములు ఆగిపోయాయి. లారీ ముక్కు మీద టాటా బండికి మూడు చేతుల మెర్సిడెస్ నక్షత్రం ఉంటే ఆ బండి 1954, 1969 మధ్య తయారైంది. కొడాక్ ఫిల్ము అంచున గుండ్రం, చతురస్రం, త్రిభుజం గుర్తులుంటాయి. ఫిల్ము తయారైన ఏడాదిని అవి చెబుతాయి. అయితే అవే గుర్తులు ఇరవై ఏళ్లకి మళ్లీ వస్తాయి, ఏ విడతో తేల్చేది బొమ్మలోని బండే.

డబ్బా మూత తీయగానే పుల్లటి వెనిగర్ వాసన వస్తే ఫిల్ము కుళ్లు మొదలైంది. ఆ ఆవిరి పక్క రీళ్లకీ సోకుతుంది, వెంటనే వేరు చేయాలి. ఏ రీలునీ ప్రొజెక్టర్‌లో ఆడించి చూడకూడదు. కుంచించుకుపోయిన ఫిల్ము బెజ్జాలు పళ్లకి కుదరక చిరుగుతాయి. లైటు బల్ల మీద భూతద్దంతో చూసి, పళ్లు లేని స్కానర్ ఉన్న చోటికి పంపాలి. సూపర్ 8 రీలు 15 మీటర్లు, సెకనుకు 18 ఫ్రేముల లెక్కన మూడు నిమిషాల 20 సెకన్లు. స్కాన్‌ని 25కి తోసేస్తే బస్సులు పరిగెడతాయి.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను తీరం దాటింది పలాస పక్కనే. జీడితోటలు నేలకొరిగాయి, ఇళ్ల పైకప్పులు లేచిపోయాయి. కాపీలన్నీ ఒకే తీరాన పెట్టుకోకూడదనడానికి ఇంతకు మించి చెప్పేదేముంది. మూడు కాపీలు: ఒకటి పనికి, ఒకటి వేరే కంపెనీ హార్డ్ డిస్కులో అదే ఊళ్లో, మూడోది తీరానికి దూరంగా, సాలూరు లాంటి చోట. కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి దాచడానికి ఎస్‌ఎస్‌డీ పనికిరాదు. డిస్కులు, టేపులు ఉక్కు బీరువాలో, నేల నుంచి ఎత్తున, బయటి గోడకి ఆనకుండా ఉండాలి. క్యాసెట్లు పడుకోబెట్టకూడదు, పుస్తకాల్లా నిలబెట్టాలి. సిలికా జెల్ రంగు మారగానే వేయించి మళ్లీ పెట్టాలి.

ఫైలు పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో, ఖాళీలు లేకుండా: ముందు ఏడాది, నెల, తేదీ, తర్వాత ఊరు, తర్వాత టేపు నంబరు. ప్రతి ఫైలుకీ ఎస్‌హెచ్‌ఏ-256 ముద్ర (ఫైలుని బట్టి లెక్కగట్టే, వేలిముద్ర లాంటి అక్షరాల వరుస) తీసి టెక్స్ట్ ఫైలులో రాసి మూడు కాపీలతోనూ ఉంచాలి. ఏడాదికోసారి డిస్కులు తగిలించి ముద్రలు మళ్లీ తీయాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆ ఫైలు చెడిందని అర్థం, మిగతా రెండిట్లో సరిగ్గా ఉన్నదాని నుంచి మళ్లీ కాపీ చేసుకోవాలి. సాలూరు డిస్కు ముద్రలు అక్కడికి చేరాక మరోసారి తీయాలి, దారి కుదుపుల్లో పాడయ్యే డిస్కులు మొదటిసారి తగిలించినప్పుడే బయటపడతాయి.